మూడు గుడ్లు, ఒక గ్లాసు

అల్మాటీలో సెప్టెంబరు ఆఖరి వారం,
మా మెట్ల కింద ఒక బకెట్టు వెలిసింది.
నిండా ఆపిళ్ళు. పైన అట్టముక్క:
"తీసుకోండి. పుచ్చులున్నాయి, కోసుకోండి."
సంతకం లేదు, అక్కర్లేదు.
ఆ ముళ్ళకంప చేతిరాత
రెండో అంతస్తు జినాయిదా మార్కొవ్నాది.

కిందటి చలికాలం మా స్నానాలగది గొట్టం పగిలి
ఆవిడ ఇంటికప్పు మీద పసుపు మరక పడింది.
సున్నానికి డబ్బులిస్తే తీసుకుంది.
మాట ఇస్తేనే తీసుకోలేదు.
పదకొండు నెలలుగా మెట్ల మీద ఎదురైతే
ఇద్దరం చెరో గోడనీ చదువుకుంటూ పోతున్నాం.

ఏడు పళ్ళు ఏరుకున్నాను,
దొంగలా కాదు గానీ
దొంగ చెల్లెలిలా.

ఒకప్పుడు ఈ కొండల్లో ఒక్కో ఆపోర్ట్ పండు
పసిబిడ్డ తలంత ఉండేదని మా అమ్మమ్మ కొలత.
ఇవి పిడికిలంతే.
రోజంతా ట్రాలీబస్సు నడిపిన చేతులు
స్టీరింగు వదిలాక కూడా గుండ్రంగానే ఉండిపోతాయి,
పండు వాటిలో చక్కగా ఇమిడింది.

షార్లోత్కా చేయడం రానివాళ్ళు ఈ ఊళ్ళో లేరు.
వచ్చునని గొప్ప చెప్పుకునేవాళ్ళూ లేరు.
మూడు గుడ్లు, గ్లాసు చక్కెర, గ్లాసు మైదా.
గుడ్లు చిన్నవైతే నాలుగు.
గ్లాసంటే పలకల గ్లాసు,
దాన్ని మా ఆల్దియార్ వేసవిలోనే పగలగొట్టాడు.
ఇప్పుడు జామ్ సీసాతో కొలిచి
కంటితో సరిచేసుకుంటున్నాను.

గుడ్లూ చక్కెరా గిలక్కొట్టాలి,
పసుపు లేతబడి, లేత తెల్లబడి,
గరిట ఎత్తితే రిబ్బనులా జారేదాకా.
చెయ్యి నొప్పి పుట్టాక ఇంకో వంద.
పుచ్చు పట్టినచోట కత్తిమొన గుండ్రంగా తిప్పి తీసేస్తే
మిగతాదంతా మంచిదే.
ఆపిళ్ళ సంగతే చెబుతున్నాను.

మూకుడుకి వెన్న రాసి, ముక్కలు పరిచి,
పైన పిండి పోస్తే
అదే దారులు వెతుక్కుంటూ కిందికి దిగుతుంది.
మా ఓవెనుకి ఎడమవైపు కోపమెక్కువ,
ఇరవై నిమిషాలకోసారి తిప్పాలి.
నలభై నిమిషాలు ఇంట్లో ఎవరూ
గట్టిగా తుమ్మకూడదు.

ముప్ఫయ్యో నిమిషంలో ఫుట్‌బాలు చంకన పెట్టుకుని
మావాడు వచ్చాడు.
తలుపు దభాలుమంది.
గాజు వెనక కేకు ఉసూరుమంది.

తిట్టబోయి ఆగాను.
గుంట పడింది మీగడ కోసమే అనుకుంటే సరిపోయె!
పుల్లమీగడలో డబ్బాపాలు కలిపి, చిక్కగా గిలక్కొట్టి
గుంటలోకి వంపాను, అంచులు దాటేదాకా.
వేడికి కొంచెం కరిగి
దాల్చినరంగు పక్కల మీదుగా నెమ్మదిగా కారింది.
చల్లారేదాకా ఆగమంటుంది పద్ధతి.
నిలబడే తిన్నాం, నాలుకలు కాల్చుకుంటూ,
ఆపిల్ పులుపు దవడల వెనక చురుక్కుమంటుంటే
ఒకరి మొహం ఒకరు చూసి నవ్వుకుంటూ.

సగం మిగలాలి. మిగిల్చాను.
పళ్ళెంలో పెట్టి, పైన ఇంకో పళ్ళెం బోర్లించి,
రెండో అంతస్తు గుమ్మం ముందుంచి గంట నొక్కాను.
నలభై మూడేళ్ళ మనిషిని
మెట్లు రెండేసి చొప్పున దూకుతూ పైకి పరిగెత్తాను.

మా భవనంలో గది వెచ్చబరిచే గొట్టమే టెలిఫోను.
ఒక దెబ్బ కొడితే గోల ఆపమని.
ఎడాపెడా కొడితే నీళ్ళు కారుతున్నాయని.
రాత్రి తొమ్మిదింటికి కింది నుంచి
రెండు దెబ్బలు.
మెల్లగా, చెంచాతో కొట్టినట్టు.

రెండుకి మా దగ్గర అర్థం లేదు.
"చక్కెర ఎక్కువైందంటుందేమో" అన్నాడు ఆల్దియార్.
అయ్యే ఉంటుంది, జామ్ సీసా కొలత మరి.

మూకుడు అడుగు గీకుతూ గొట్టం పక్కనే కూర్చున్నాను.
నా చేతిలోనూ చెంచా ఉంది.